ఒడ్డున ఉన్న చెక్క పడవను బల్ల మీదికి తేవడం

ఓడ నమూనాలు చేయడం నేర్చుకోవాలని వెతికితే దొరికే పాఠాలన్నీ దాదాపు విక్టరీ గురించో, కటీ సార్క్ గురించో ఉంటాయి. ఒకటి 1765లో నీళ్ళలోకి దిగిన బ్రిటిష్ యుద్ధనౌక, ఇంకోటి 1869 నాటి టీ ఓడ. వాటి ప్లాన్లు అచ్చయి ఉన్నాయి, కిట్లు పెట్టెల్లో వస్తాయి. కానీ కొత్తపట్నం ఒడ్డునో, పాకల ఒడ్డునో, మైపాడులోనో ఫైబర్ బోట్ల మధ్య ఒక పాత చెక్క పడవ బోర్లా పడి కనిపిస్తే దానికి ప్లాన్ ఎక్కడా ఉండదు. కట్టిన మేస్త్రీ కంటితో చూసి కట్టాడు. చెక్క పుచ్చిపోయాక ఆ ఆకారం ఇక దొరకదు.

మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఇప్పటికీ ఉంది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజుల్లా లాక్కోము, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాము అని అందులో సముద్ర వ్యాపారులకు మాట ఇచ్చాడు. ఆ మాట రాతి మీద మిగిలింది. ఆ ఓడల కొలతలు మిగల్లేదు. అందుకే మొదటి నమూనాకు కిట్ కొనకండి. మన ఒడ్డు మీది పడవనే కొలిచి చేయండి. ఎలాగో చెబుతాను.

ఎప్పుడు వెళ్ళాలి, ఏం పట్టుకెళ్ళాలి

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ పడవలు ఒడ్డునే ఉంటాయి, మనుషులు వలలు బాగుచేసుకుంటూ దొరుకుతారు. ఎండ మాత్రం భయంకరంగా ఉంటుంది కాబట్టి పొద్దున ఆరుకల్లా పని మొదలుపెట్టండి. తొమ్మిది దాటితే ఇసుక మీద కాలు పెట్టలేరు.

మేస్త్రీలు వాడే నైలాన్ దారం, పది మీటర్ల టేపు, మీటరు స్కేలు, మూలమట్టం, రెండున్నర మీటర్ల నిటారు అల్యూమినియం పట్టీ, సుద్దముక్క, నోటుబుక్కు, పెన్సిలు తీసుకెళ్ళండి. ఇంకో మనిషి తోడుంటే పని సగం తేలిక.

ముందు పడవ ఎవరిదో కనుక్కుని అడగండి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన, "ఏందబ్బాయ్, పడవ కొంటావా?" అన్నాడు. "లేదు మామా, దీని కొలతలు తీసుకుని చిన్న బొమ్మ చేయాల" అంటే, "అట్టయితే ముందు ఆ వల మీంచి కాలు తియ్యి" అన్నాడు. తర్వాత టేపు రెండో కొస పొద్దెక్కేదాకా ఆయనే పట్టుకున్నాడు. ఏ పలక ఎప్పుడు మార్చారో, అణియం (పడవ ముందు కొస) దగ్గర కర్ర ఎందుకు అంత మందంగా పెడతారో చెప్పింది ఆయనే. అలాంటి మాటలు కూడా నోటుబుక్కులో రాసుకోండి. నమూనాలో అవి పనికొస్తాయి.

కొలవడం

మొత్తం పనిలో నేను ఎక్కువసేపు చెప్పాలనుకునేది దీని గురించే. పడవ ఇసుకలో ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. కాబట్టి రసమట్టం, తూకం గుండు ఇక్కడ పనికిరావు. భూమిని బట్టి కాదు, పడవను బట్టే కొలవాలి. కిందిది పైకప్పు లేని పడవ నిలువుగా, లోపల చెయ్యి పెట్టే వీలుతో ఉన్నప్పుడు చేసే పద్ధతి. బోర్లా ఉంటే తిప్పించమని అడగండి.

అణియం కొన నుంచి అమరం (పడవ వెనక కొస) కొన దాకా పడవ మధ్యలో నైలాన్ దారం బిగించి కట్టండి. ఇదే మీ ఆధారం, అన్ని కొలతలూ దీన్నుంచే. దారం వెంట మీటరుకు ఒకచోట సుద్దతో పడవ అంచుల మీద గుర్తు పెట్టండి. రెండు కొసల దగ్గర వంపు త్వరగా మారుతుంది కాబట్టి అక్కడ అరమీటరుకు ఒకటి పెట్టండి.

ప్రతి గుర్తు దగ్గరా అల్యూమినియం పట్టీని రెండు అంచుల మీద అడ్డంగా వేయండి. మూలమట్టంతో చూసి దారానికి సరిగ్గా అడ్డంగా ఉండేట్టు సర్దండి. ఇప్పుడు మూడు రకాల కొలతలు తీసుకోవాలి. దారం నుంచి పట్టీ ఎంత కిందికి ఉంది? ఇది అంచు వంపును చెబుతుంది. దారం నుంచి కుడి, ఎడమ అంచులు ఎంత దూరం? ఇది వెడల్పు. మూడోది లోపలి ఆకారం. పట్టీ మీద మధ్య నుంచి ప్రతి 20 సెంటీమీటర్లకు ఒకచోట స్కేలును పట్టీకి లంబంగా లోపలికి దించి పలకను తాకేదాకా ఎంత లోతుందో రాయండి. లోపల పక్కటెముకల్లా ఉండే అడ్డకర్ర మీద కాకుండా రెండు అడ్డకర్రల మధ్య పలకనే తాకించండి. ఆ పలక లోపలి మట్టమే తర్వాత మీకు కావాలి, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

కుడి ఎడమలు రెండూ కొలవండి. పాత పడవలో రెండు పక్కలూ ఒకేలా ఉండవు. తేడా రెండు మూడు సెంటీమీటర్లు ఉంటే సగటు తీసుకోండి. ఇంకా ఎక్కువ ఉంటే ఒక పక్క దెబ్బ తిన్నదని అర్థం, బాగున్న పక్కనే నమ్మండి.

ఇక చిన్న కొలతలు: పలక మందం, ఒక్కో పక్క ఎన్ని పలకలు, అడ్డకర్రల మధ్య దూరం, మేకు తలల వరుసలు, తెడ్డు కట్టే చోటు, చుక్కాని. అణియం వంపును ఒక మందపాటి అట్ట మీద కత్తిరించి తెచ్చుకోండి. ఫొటోలు తీసేటప్పుడు స్కేలు కూడా ఫ్రేములో పెట్టి, దూరంగా నిలబడి జూమ్ చేసి తీయండి. దగ్గర్నుంచి తీస్తే అణియం ఉబ్బి, అమరం చిన్నబోయి కనిపిస్తుంది, ఆ ఫొటోను నమ్మి చేస్తే ఆకారం తప్పుతుంది.

ఎంత చిన్నగా చేయాలి

ఇరవయ్యో వంతు తీసుకోండి. అసలు మీద మీటరు నమూనాలో 5 సెంటీమీటర్లు. తొమ్మిది మీటర్ల పడవ 45 సెంటీమీటర్లు అవుతుంది, టీవీ బల్ల మీద సరిపోతుంది. 3 సెంటీమీటర్ల పలక ఒకటిన్నర మిల్లీమీటర్లు, 2 సెంటీమీటర్ల మోకు ఒక మిల్లీమీటరు. ఇవన్నీ చేతితో చేయగలిగిన సైజులే. యాభయ్యో వంతుకు పోతే అదే పలక అర మిల్లీమీటరు కన్నా కొంచెమే ఎక్కువ. మొదటి పనికి అది చాలా కష్టం.

పెద్ద ఓడల మీద మోజు ఉంటే లెక్క ఇలా వేసుకోండి: మన నౌకాదళం వారి తరంగిణి 54 మీటర్ల తెరచాప ఓడ, నూరో వంతులో 54 సెంటీమీటర్లు. ఐఎన్ఎస్ విక్రాంత్ 262 మీటర్లు, 350వ వంతులో కూడా 75 సెంటీమీటర్లు వస్తుంది. కానీ వాటికి ఇంకా సమయం ఉంది.

గీత

మిల్లీమీటరు గ్రాఫ్ కాగితం మీద ప్రతి గుర్తు దగ్గరి అడ్డకోతను, అంటే అక్కడ పడవను అడ్డంగా కోస్తే కనిపించే ఆకారాన్ని, సగం మాత్రమే గీయండి. రెండో సగం కాగితం మడిచి కత్తిరిస్తే వస్తుంది, రెండు పక్కలూ అచ్చంగా ఒకేలా ఉంటాయి. పైనుంచి చూసే ఆకారాన్నీ, పక్కనుంచి చూసే ఆకారాన్నీ వేరే కాగితాల మీద గీయండి.

ఇక్కడ ఒక పరీక్ష. కొలత చుక్కల దగ్గర గుండుసూదులు గుచ్చి, వాటి పక్కన ఒక పచ్చి కొబ్బరి ఈనెను వంచి ఆనించండి. ఈనె తనంతట తాను మెత్తగా వంగి అన్ని సూదులనూ తాకితే కొలతలు సరిగ్గా ఉన్నట్టు. ఏదో ఒక సూది దగ్గర ఈనె ఎగిరినా, గుంట పడినా ఆ కొలతే తప్పు. పలక కూడా ఈనెలాగే వంగుతుంది కాబట్టి ఈనె ఒప్పుకోని వంపును పలక ఒప్పుకోదు. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ జరిపి గీతను సరిచేయండి. ఈ పనికి రెండు సాయంత్రాలు పట్టినా పట్టనివ్వండి.

పనిముట్లు, కలప

ఖరీదైన సెట్ అక్కర్లేదు. నగల పనివాళ్ళు వాడే పనిముట్లు ఈ పనికి బాగా సరిపోతాయి: సన్న రంపం, సూది ఆకురాళ్ళ సెట్, పట్టకారు, చేతితో తిప్పే చిన్న డ్రిల్లు, కంటి అద్దం. నెల్లూరువాళ్ళయితే ఆచారి వీధి వైపు అడగండి. వీటికి తోడు మంచి కట్టర్, మార్చుకోవడానికి బ్లేడ్లు, వెర్నియర్ కాలిపర్, 120, 220, 400 నంబర్ల ఉప్పుకాగితం, రెండు మూడు డజన్ల బట్టల క్లిప్పులు చాలు. బ్లేడు మొద్దుబారితే వెంటనే మార్చండి. చెయ్యి తెగేది ఎక్కువగా మొద్దు బ్లేడును గట్టిగా నొక్కినప్పుడే.

కలప విషయంలో టేకు మంచిదే కదా అనుకుంటారు. టేకు గీత ముతక. అసలు పడవలో అందంగా ఉండే ఆ గీత ఇరవయ్యో వంతు పలక మీద వేలంత చీలికల్లా కనిపిస్తుంది. నమూనాకు సన్నటి గీత ఉన్న కలప కావాలి. నెల్లూరు జిల్లాలో మనకు ఉదయగిరి ఉంది. అక్కడ చెక్క స్పూన్లు, గరిటెలు చేసే కళాకారులు నర్ది, బిక్కి లాంటి కలప వాడతారు. ఆ గరిటె అంచు నునుపు చూస్తే ఆ చెక్క ఎంత బాగా తెగుతుందో తెలుస్తుంది. తునకలు దొరికితే అడిగి తెచ్చుకోండి. లేదా ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర. కొండపల్లి బొమ్మల పొణికి చాలా మెత్తన, పలకలకు ఆగదు కానీ లోపల దిమ్మలకు పనికొస్తుంది.

పలకలను రెండు మిల్లీమీటర్ల పట్టీలుగా వడ్రంగి మెషిన్ మీద కోయించి, ఇంట్లో ఉప్పుకాగితం మీద ఒకటిన్నరకు తెచ్చుకోండి. కావాల్సినదానికి ఒకటిన్నర రెట్లు కోయించండి, విరిగేవి విరుగుతాయి. పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా మాస్కు పెట్టుకోండి.

అచ్చులు నిలబెట్టడం

పైకప్పు లేని పడవకు లోపలంతా కనిపిస్తుంది. అందుకే కిట్లలోలా ఆకారం నిలబెట్టే అడ్డబిళ్ళలు లోపల వదిలేయకూడదు. తాత్కాలిక అచ్చులు పెట్టి, వాటి మీద పలకలు వేసి, తర్వాత అచ్చులు తీసేయాలి.

గ్రాఫ్ మీది అడ్డకోతలను 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద అతికించి కోయండి. మీరు కొలిచింది పలక లోపలి మట్టం కాబట్టి అచ్చుకు అదే కొలత, మందం తీసేయాల్సిన పని లేదు. ప్రతి అచ్చుకూ అంచు నుంచి పైకి ఒక కాలు వదలండి. కాలు పొడవు ఎంత? దారం నుంచి పట్టీ దాకా కొలిచింది, ఇరవయ్యో వంతు చేసి, అన్నింటికీ 20 మిల్లీమీటర్లు కలపండి. అంచు దారానికి 60 సెంటీమీటర్లు కింద ఉంటే కాలు 30కి 20 కలిపి 50 మిల్లీమీటర్లు.

ఇప్పుడు వంకర లేని మందపాటి బల్ల మీద మధ్యగీత గీసి, 5 సెంటీమీటర్లకో (రెండు కొసల దగ్గర రెండున్నరకో) అడ్డగీత గీసి, అచ్చులను తలకిందులుగా నిలబెట్టండి. ఒడ్డున మీరు కట్టిన దారం ఇక్కడ ఈ బల్లగా మారింది. అందుకే అన్ని కాళ్ళూ బల్లను తాకితే అంచు వంపు దానంతట అదే వచ్చేస్తుంది. ప్రతి అచ్చునూ మూలమట్టంతో చూడండి. తర్వాత బల్లను కంటి ఎత్తుకు ఎత్తి ఒక కొస నుంచి చూడండి. అర మిల్లీమీటరు తేడాను స్కేలు చూపించకపోయినా కన్ను పట్టేస్తుంది.

అచ్చుల అంచులకు సెల్లో టేపు చుట్టండి, జిగురు అంటకుండా. రెండు కొసల దగ్గరి అచ్చుల అంచులను పలక పూర్తిగా ఆనేలా ఏటవాలుగా ఆకురాయితో అరగదీయండి.

పలకలు

అడుగు మధ్యలో మొదట ఒకటిన్నర మిల్లీమీటర్ల పట్టీని అణియం నుంచి అమరం దాకా అచ్చుల మీద వేయండి. పలకలు దీని రెండు పక్కల నుంచి మొదలవుతాయి. బయటి కీల్ దూలాన్ని (పడవ అడుగున పొడవునా వెన్నెముకలా ఉండే కర్ర) పలకలన్నీ అయ్యాక దీని మీద అతికించండి. అణియం కర్రకు పలక కొనలు కూర్చునే గాడి ముందే తీసి పెట్టుకోండి.

పలక వెడల్పును ఊహించవద్దు. మధ్య అచ్చు దగ్గర అడుగు నుంచి అంచు దాకా కాగితపు పట్టీ ఆనించి కొలవండి. అది 112 మిల్లీమీటర్లు వచ్చి, అసలు పడవకు పక్కకు 14 పలకలు ఉంటే, మధ్యలో ఒక్కో పలక 8 మిల్లీమీటర్లు. అణియం దగ్గర అదే దూరం 70 వస్తే పలక 5కు సన్నబడాలి. ప్రతి అచ్చు దగ్గరా ఇలా భాగించి పెన్సిలుతో గుర్తు పెట్టండి. పలకలను ఈ లెక్కతో కొసలకు సన్నగా చెక్కకుండా వేసుకుంటూ పోతే నాలుగో పలకకల్లా అణియం దగ్గర ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి.

వంపు ఎక్కువున్న పలకను అరగంట వేడినీళ్ళలో నానబెట్టి, ఇడ్లీ పాత్ర ఆవిరిలో పది నిమిషాలు ఉంచితే తేలిగ్గా వంగుతుంది. అచ్చుల మీద క్లిప్పులతో బిగించి రాత్రంతా వదిలేయండి. తెల్లారి ఆరాకే జిగురు. తడి పలకకు జిగురు పెడితే, ఆరాక అది సన్నబడి పక్కపలకతో సందు వస్తుంది.

కుడివైపు ఒక పలక, వెంటనే ఎడమవైపు దాని జత. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. నా మొదటి పడవకు ఒక పక్క ఏడు పలకలు వరసగా వేసేశాను, చూడ్డానికి బాగుంది కదా అని. బల్ల మీంచి తీసేసరికి పడవ మొత్తం మెలి తిరిగింది. తర్వాత ఎంత నీళ్ళు పెట్టినా, బరువులు పెట్టినా అది నిటారు కాలేదు. మూడు నెలల పని పక్కన పెట్టాల్సి వచ్చింది.

జిగురు ఫెవికాల్ లాంటి తెల్లదే వాడండి. ఫెవిక్విక్ లాంటిది ఒక్క చుక్క, కొసలు పట్టి ఉంచడానికి మాత్రమే. దాని ఆవిరి చెక్క మీద తెల్లటి మసక వదులుతుంది, కళ్ళకూ మంచిది కాదు. మన నెల్లూరు, ఒంగోలు వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ నెలల్లో గాలిలో తేమకు జిగురు రెండింతలు సమయం తీసుకుంటుంది, వార్నిష్ పాలలా తెల్లబడుతుంది. అప్పుడు మోకులు, తెడ్ల లాంటి చిన్న పనులు పెట్టుకుని, పలకలూ రంగూ జనవరి తర్వాత చేయండి.

పలకలన్నీ అయ్యాక సందులుంటే అదే చెక్క పొడిని జిగురులో కలిపి నింపండి. ఉప్పుకాగితాన్ని చేతితో కాకుండా వంగే సన్న పట్టీకి అంటించి, పడవ పొడవునా రుద్దండి. వేళ్ళతో రుద్దితే గుంటలు పడతాయి.

లోపలి పని

అచ్చులన్నీ ఒకేసారి లాగేయవద్దు, పడవ విచ్చుకుంటుంది. ముందు పైఅంచు పట్టీ అతికించండి. తర్వాత మధ్య అచ్చు ఒకటి తీసి, ఆ చోట అడ్డకర్రలు వేసి, అవి ఆరాక పక్క అచ్చు తీయండి. అడ్డకర్రలకు ఆవిరి పట్టిన ఒక మిల్లీమీటరు వెదురు బద్దలు రెండు పొరలుగా వేస్తే ఒంపు బాగా నిలుస్తుంది. మీరు ఒడ్డున రాసుకున్న దూరం 40 సెంటీమీటర్లయితే ఇక్కడ 2 సెంటీమీటర్లకు ఒకటి.

మేకు తలలకు మేకులు కొట్టవద్దు. 12 మిల్లీమీటర్ల మేకు తల ఇక్కడ అర మిల్లీమీటరు చిల్లర. మొద్దు సూదితో మెల్లగా గుచ్చి, ఆ గుంతలో మెత్తటి పెన్సిలు మొన తిప్పితే చాలు.

మోకు, తెరచాప

కుట్టు దారాన్ని అలాగే వాడితే నూగు కనిపిస్తుంది. దారాన్ని తేనెమైనం ముద్ద మీదుగా లాగి, దీపం పక్కనుంచి వేగంగా తీసుకెళ్తే నూగు పోతుంది. నూలు దారంతోనే ఇలా చేయండి, పాలిస్టర్ అయితే కరుగుతుంది. మందపాటి మోకు కావాలంటే మూడు దారాలను ఒక్కోదాన్ని ఒకే దిక్కుకు బాగా మెలిపెట్టి, మూడింటినీ కలిపి ఎదురుదిక్కుకు తిప్పండి. అసలు మోకు పేనేది ఇలాగే, అందుకే విడిపోదు.

తెరచాప ఉన్న పడవైతే గుడ్డ కోసం వెంకటగిరి నూలు చీర పాతది ఇంట్లో ఉందేమో చూడండి. ఆ సన్నటి నేతకు సాటి బజారులో తేలిగ్గా దొరకదు. పలచటి టీ డికాషన్‌లో ముంచి ఆరబెడితే కొత్త తెలుపు పోతుంది. అతుకుల్ని కుట్టవద్దు, 3 మిల్లీమీటర్ల కుట్టు అసలులో 6 సెంటీమీటర్ల కుట్టవుతుంది. పెన్సిలుతో గీయండి. లంగరుకు ఇనుప తీగ, ఎంసీల్ ముద్ద చాలు.

రంగు

మెరిసే ఎనామిల్ వేస్తే నమూనా బొమ్మల దుకాణంలో కొన్నట్టుంటుంది. మెరుపు లేని రంగును పలచగా మూడు పొరలు, ప్రతి పొర మధ్య 400 నంబరుతో మెత్తగా రుద్ది వేయండి. అసలు రంగుకన్నా కాస్త వెలిసినట్టు కలపండి, చిన్న వస్తువు మీద రంగు ముదురుగా కనిపిస్తుంది. నీటిగీత కింద పాకుడు రంగు, ఇసుక మీద లాగిన చోట అడుగున చెక్క బయటపడ్డ గీతలు, తెడ్డు రాసుకున్న చోట నునుపు. ఇవన్నీ మీ ఫొటోల్లో ఉంటాయి. అందులో లేనివి కల్పించి వేయవద్దు.

ఒంగోలులోనో నెల్లూరులోనో ఉంటే దుమ్ము, ఉప్పుగాలి రెండూ తప్పవు. గాజు పెట్టె చేయించి, అడుగున ఒక సిలికా జెల్ పొట్లం పెట్టండి. పీఠం అడుగున పెన్సిలుతో ఏ ఊరి ఒడ్డున కొలిచారో, ఏ తేదీనో, ఎన్నో వంతో రాయండి. ఇంకు వెలిసిపోతుంది, పెన్సిలు ఉంటుంది. గ్రాఫ్ కాగితాలు, నోటుబుక్కు మడిచి అదే పీఠంలో పెట్టండి. ఇంకొకరు ఆ పడవను మళ్ళీ చేయాలనుకుంటే వాళ్ళకు నమూనా కన్నా ఆ కొలతలే ఎక్కువ అవసరం.